‘ఏమీ లేదు’ అని ఇంటికి పంపేయకండి

రాత్రి పదకొండు దాటాక మా క్యాజువాలిటీకి ఛాతీ పట్టుకుని వచ్చేవాళ్లందరిదీ గుండెపోటు కాదు. అయినా ప్రతి ఒక్కరినీ గుండెపోటు వచ్చినవాళ్లలాగే చూస్తాం. మంచం మీద పడుకోబెట్టి, పల్సూ బీపీ చూసి, వేలికి ఆక్సిమీటర్ తగిలించి, ఛాతీ మీద ఈసీజీ లీడ్లు అతికిస్తాం. అలా చూడడమే సరైన పద్ధతి. నా బాధంతా ఆ తర్వాత జరిగేదాని గురించి. ఈసీజీ బాగుంటుంది. అవసరమనిపిస్తే కాసేపాగి మళ్లీ తీస్తారు, రక్తపరీక్ష చేస్తారు. అదీ బాగుంటుంది. అప్పుడు మంచం పక్కన నిలబడ్డవాళ్లలో ఎవరో ఒకరు, డాక్టరో, నర్సో, వెంట వచ్చిన బావగారో, ‘ఏమీ లేదమ్మా, గ్యాస్ పట్టేసింది అంతే. ఇంటికెళ్లి పడుకో’ అంటారు.

ఆ మాట వినగానే మనిషి స్థిమితపడాలి. పడడు. ఇప్పుడే చచ్చిపోతానని వణికిపోయినవాడికి ఏమీ లేదంటే వాడేం అనుకోవాలి? నాకు పిచ్చెక్కుతోందా అనుకుంటాడు. లేదంటే, వీళ్లకి అంతుబట్టని పెద్ద జబ్బేదో లోపల ఉందనుకుంటాడు. ఏది అనుకున్నా భయం పెరగడమే. వారం తిరక్కుండా మళ్లీ వస్తాడు. ఆ తర్వాత పెద్దూళ్లకి పరుగులు మొదలవుతాయి. ఎకో, టీఎంటీ, ఎండోస్కోపీ, తలకి స్కానింగ్. మధ్యలో ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర సెలైను, బలానికి ఇంజెక్షను. ఇంట్లో పెద్దవాళ్లు దిష్టి తీస్తారు, గాలి సోకిందేమోనని తాయెత్తు కట్టిస్తారు. ఫైలు లావవుతుంది, అప్పూ పెరుగుతుంది. ప్రతి రిపోర్టులోనూ అదే మాట: నార్మల్.

నేను గోదావరి ఒడ్డున ఒక ప్రభుత్వాసుపత్రిలో స్టాఫ్ నర్సుని. మానసిక వైద్యురాలిని కాను. కానీ ఏళ్ల తరబడి రాత్రి డ్యూటీల్లో ఇలాంటివాళ్ల పక్కన కూర్చున్నాను. మా ఇంట్లోనూ ఒకరిని దగ్గరుండి చూశాను. అందుకే చెబుతున్నాను: వాళ్లకి ఏమీ లేకపోవడం కాదు, ఉంది. దాన్ని పానిక్ అటాక్ అంటారు. అది నిజంగా ఒంట్లో జరుగుతుంది, నటన కాదు. అది ప్రాణం తీయదు. అన్నిటికంటే ముఖ్యం, దాన్ని లొంగదీసుకునే మార్గాలు చాలావరకు మన చేతిలోనే ఉన్నాయి.

ఇది ఏ కొద్దిమందికో వచ్చేది కూడా కాదు. 25 దేశాల్లో జరిపిన సర్వేల ప్రకారం నూటికి సుమారు 13 మందికి జీవితంలో ఒక్కసారైనా పానిక్ అటాక్ వస్తుంది. వాళ్లలో ఎక్కువమందికి అది అప్పుడప్పుడూ వచ్చి పోయేదే. నూటికి ఇద్దరికి మాత్రం మళ్లీ మళ్లీ వచ్చి, మళ్లీ ఎప్పుడొస్తుందోనన్న బెంగ పట్టుకుని, అది పానిక్ డిజార్డర్‌గా స్థిరపడుతుంది. మగవాళ్లకంటే ఆడవాళ్లలో దాదాపు రెట్టింపు.

మొన్న వానాకాలంలో ఒక కుర్రాణ్ణి మోసుకొచ్చారు. పాతికేళ్లుంటాయి, లారీ మీద క్లీనరు. రెండు చేతుల వేళ్లూ కొనలు దగ్గరపడి, అన్నం ముద్ద ఎత్తినట్టు బిగుసుకుపోయాయి. ఒకడు ఫిట్స్ అంటాడు, ఇంకొకడు పక్షవాతం అంటాడు. వాడు మాత్రం ‘సిస్టర్, చచ్చిపోతున్నాను, మా అమ్మకి ఫోన్ చెయ్యండి’ అని ఒకటే గోల. నోరు తెరుచుకుని నిమిషానికి ముప్ఫైసార్లకి పైగా ఊపిరి లాగుతున్నాడు. డ్యూటీ డాక్టరు గారు వచ్చి చూశారు. షుగర్ బాగానే ఉంది. ఈసీజీలో గుండె వేగంగా కొట్టుకోవడం తప్ప ఇంకేమీ లేదు. వేలికున్న ఆక్సిమీటర్‌లో 99 అని కనిపిస్తోంది.

ఆ అంకె వాడికి చూపించాను. ‘గాలి చాలడం లేదంటున్నావు కదా, ఇది చూడు బాబూ. నూటికి 99 ఉంది. నీకు గాలి తక్కువ కాలేదు, ఎక్కువైంది’ అన్నాను. వాడు ఒక్క క్షణం ఆ అంకె వంక చూశాడు. అదే నాకు కావలసింది.

చాలామందికి తెలియని సంగతి ఇది. భయంతో గబగబా ఊపిరి తీసేటప్పుడు మనం బొగ్గుపులుసు వాయువుని అవసరానికి మించి బయటికి తోసేస్తాం. అది చెడ్డ గాలే కదా, పోతే మంచిదే అనుకోకండి. రక్తంలో అది కొంత పాళ్లలో ఉండితీరాలి. అది పడిపోతే రక్తంలో క్షారగుణం పెరుగుతుంది. రక్తంలో కండరాలకీ నరాలకీ అందుబాటులో ఉండే కాల్షియం తగ్గుతుంది. పెదాల చుట్టూ, వేళ్ల చివర్లలో తిమ్మిరెక్కుతుంది, చేతులు కొంకర్లు పోతాయి. మెదడుకి వెళ్లే రక్తనాళాలు కాస్త సన్నబడి తల తిరుగుతుంది. ఛాతీ కండరాలు అలిసిపోయి బిగుసుకుంటాయి. ఆ బిగుతుకి గాలి అందడం లేదనిపిస్తుంది. దాంతో ఇంకా గట్టిగా లాగుతాం. ఎంత లాగితే అంత కష్టం.

అందుకే ‘గట్టిగా ఊపిరి పీల్చుకో’ అన్న సలహా ఆ సమయంలో పనికిరాదు. పీల్చడం కాదు, వదలడం నేర్పాలి. కుర్రాడితో అదే చేయించాను. నోరు మూసుకుని ముక్కుతో మెల్లగా, మామూలుగా నాలుగు లెక్కపెట్టేదాకా గాలి తీసుకోవడం. పెదాలు సున్నాలా చుట్టి ఆరు లెక్కపెట్టేదాకా వదలడం. ఛాతీ కాదు, బొడ్డు మీద పెట్టిన చెయ్యి లేవాలి. మొదట్లో వాడికి ఆరు దాకా రాలేదు, మూడుకే అయిపోయేది. ఫరవాలేదన్నాను. వాడితోపాటు నేనూ తీశాను, నేనూ వదిలాను. కాసేపటికి చిటికెన వేలు విడింది. తర్వాత మిగతావి. తన వేళ్లు తెరుచుకోవడం వాడు కళ్లారా చూసుకున్నాడు. ఏ మందూ ఎక్కకుండా తన ఊపిరితోనే అవి విడాయన్న నమ్మకం వాడికి కుదిరింది చూడండి, అది నేను ఇచ్చే ఏ ధైర్యం కంటే గట్టిది.

ఇక్కడే రెండు మాటలు. కాగితం సంచిలోకి ఊపిరి వదిలి అదే పీల్చమనే పాత చిట్కా ఒకటుంది. దాన్ని ఇప్పుడు వైద్యులు వద్దంటున్నారు. ఆ మనిషికి నిజంగా గుండె జబ్బో ఉబ్బసమో ఉంటే అది ప్రమాదం. ఇక ప్రాణాయామం చేసే అలవాటున్నవాళ్లు ఈ సమస్య ఉంటే కపాలభాతి, భస్త్రిక లాంటి వేగంగా ఊపిరి కొట్టే వాటిని కొన్నాళ్లు పక్కనపెట్టడం మంచిది. అవి కూడా బొగ్గుపులుసు వాయువుని తోసేసేవే, తల తిప్పేవే. భ్రామరి హాయిగా చేసుకోవచ్చు. తుమ్మెదలా ఝుమ్మంటూ వదిలే ఊపిరి దానంతటదే పొడవవుతుంది. ఓంకారమైనా, ఆమెన్ అయినా, అల్లా అయినా ఒకే ఊపిరి మీద పొడుగ్గా పలికితే ఫలితం అదే. ఇవన్నీ అటాక్ వచ్చినప్పుడు మొదటిసారి మొదలుపెడితే పట్టుబడవు. బాగున్న రోజుల్లోనే ఉదయం ఐదు నిమిషాలు, పడుకోబోయే ముందు ఐదు నిమిషాలు సాధన చేసి పెట్టుకోవాలి.

ఇంతకీ ఇదంతా ఎందుకొస్తుంది? పొలం గట్టు మీద నడుస్తుంటే కాలి ముందు పాము కనిపించిందనుకోండి. ఆలోచించేలోపే ఎగిరి పక్కకి దూకుతాం. అడ్రినలిన్ రక్తంలో కలుస్తుంది, గుండె వేగం పెరుగుతుంది, పొట్టకి వెళ్లే రక్తం కాళ్ల కండరాలకి మళ్లుతుంది, ఒళ్లు చల్లబడడానికి చెమట పడుతుంది, బాగా కనబడడానికి కనుపాపలు విచ్చుకుంటాయి. పోరాటానికో పరుగుకో ఒళ్లు చేసుకునే ఈ ఏర్పాటుని అమెరికా శాస్త్రవేత్త వాల్టర్ కానన్ 1915లో తన పుస్తకంలో వివరంగా రాశాడు. పానిక్ అటాక్‌లోనూ జరిగేది అచ్చంగా ఇదే. పాము ఒక్కటే లేదు. అందుకే గుండె దడ, కడుపులో దేవడం, కాళ్లలో వణుకు, ఒళ్లంతా చెమట. చుట్టుపక్కలంతా కలలా, తను తను కానట్టు అనిపించడం కూడా అందులో భాగమే. నన్నడిగితే మనుషుల్ని ఎక్కువ బెదరగొట్టేది అదే, పిచ్చెక్కుతోందనుకుంటారు. పానిక్ అటాక్ వల్ల ఎవరికీ పిచ్చెక్కదు. స్పృహ తప్పి పడిపోతామన్న భయం కూడా దాదాపు ఎప్పుడూ నిజం కాదు. మనిషి సొమ్మసిల్లేది బీపీ పడిపోయినప్పుడు. అటాక్‌లో బీపీ పెరుగుతుంది.

పాము లేకుండా ఒళ్లు ఎందుకలా ఉలిక్కిపడిందో చాలాసార్లు తెలియదు. నిద్ర చాలకో, టీలు ఎక్కువయ్యో, ఆకలి మీద ఉండో, ఇంట్లో చావు జరిగో, ఉద్యోగం పోయో, ఏ గొడవా లేకుండానో ఒక్కసారి గుండె దడదడలాడుతుంది. అక్కడితో ఆగితే ఎవరికీ ఏమీ కాదు. కానీ ‘ఇది గుండెపోటే’ అని మనసు తీర్పు ఇచ్చేస్తుంది. ఆ తీర్పుకి ఇంకాస్త అడ్రినలిన్, ఇంకాస్త దడ, ఇంకా గట్టి తీర్పు. డేవిడ్ క్లార్క్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1986లో ఈ వలయాన్ని వివరించాడు. ఒంట్లో కలిగిన మార్పుని ముంచుకొచ్చిన ఆపదగా అర్థం చేసుకోవడమే దీని ముడి అన్నాడు. నేటి చికిత్సల్లో చాలావాటికి ఆ మాటే పునాది.

అంతకు చాలాముందే, 1871లో, జేకబ్ డకోస్టా అనే అమెరికన్ వైద్యుడు అక్కడి అంతర్యుద్ధంలో పాల్గొన్న సైనికుల్లో ఇలాంటి దడ గురించి రాశాడు. గుండెలో లోపం కనిపించదు, సైనికుడికి మాత్రం దడ, ఛాతీ నొప్పి, ఆయాసం. నూట యాభై ఏళ్లు దాటినా మా క్యాజువాలిటీలో అదే దృశ్యం.

ఈ విషయంలో నేను అందరికంటే ఎక్కువగా నమ్మేది క్లెయిర్ వీక్స్ అనే ఆస్ట్రేలియా వైద్యురాలిని. ఆవిడకి చిన్న వయసులో క్షయ ఉందని పొరపాటుగా చెప్పి శానటోరియంలో పెట్టారు. అక్కడినుంచి బయటపడ్డాక నెలల తరబడి గుండె దడ. మొదటి ప్రపంచ యుద్ధంలో పోరాడి వచ్చిన స్నేహితుడొకాయన, కందకాల్లో మాకూ ఇలాగే కొట్టుకునేది, అది భయం తప్ప జబ్బు కాదు, నువ్వు నీ దడకే దడుస్తున్నావని చెప్పాడు. ఆ ఒక్క మాటతో ఆవిడకి దారి దొరికింది. తర్వాత డాక్టరై, తన రోగులకి చెప్పినవన్నీ కూర్చి 1962లో పుస్తకం వేసింది. ఆవిడ చెప్పినవి నాలుగే. వచ్చినదాన్ని ఎదుర్కో, పారిపోకు. ఉండనీ అని ఒప్పుకో. ఒళ్లు బిగబట్టకుండా దాని మీద తేలు. కాలానికి వదిలెయ్.

వినడానికి ఇంతేనా అనిపిస్తుంది. అటాక్ మధ్యలో ఉన్నవాళ్లకి ఇంతకంటే కష్టమైన పని లేదు. ఎందుకంటే మన సహజ స్వభావం దాన్ని ఆపాలని. పిడికిళ్లు బిగించి, పళ్లు కొరికి, తగ్గు తగ్గు అని లోపల అరుస్తూ ఉంటాం. ఆ పోరాటం కూడా ఒంటికి ప్రమాద సంకేతమే, అడ్రినలిన్ ఇంకా వస్తుంది. పోరాటం మానేస్తే అడ్రినలిన్ నిమిషాల్లో విరిగిపోతుంది. అటాక్ సాధారణంగా పది నిమిషాల్లోపే పతాక స్థాయికి చేరి, అరగంటలోపు దిగుతుంది. మనం ఏం చేసినా చెయ్యకపోయినా దిగుతుంది. ఇది బుర్రకెక్కితే సగం విడుదల.

నేను ఓపీ చీటీ వెనకాల కొన్ని వాక్యాలు రాసి ఇస్తుంటాను. జేబులో మడిచి పెట్టుకోమంటాను. ‘ఇది పానిక్ అటాక్. ఇంతకుముందూ వచ్చింది, పోయింది. నా గుండె పరీక్ష చేశారు, బాగుంది. భుజాలు కిందకి వదులుతున్నాను. పిడికిలి విప్పుతున్నాను. నాలుగు లోపలికి, ఆరు బయటికి. ఇక్కడే ఉంటాను.’ ఆఖరి వాక్యం కింద గీత గీస్తాను. చదువు రానివాళ్లకి ఇంట్లో పిల్లల చేత ఫోన్లో రికార్డు చేయించుకోమంటాను. అటాక్‌లో ఉన్నప్పుడు ఎంత చదువుకున్నవాళ్లకైనా బుర్ర పనిచెయ్యదు, ముందే రాసి ఉన్నది కావాలి.

కళ్లకి కనిపించే ఐదు వస్తువుల పేర్లు చెప్పుకోవడం, చేతికి తగిలే నాలుగింటిని తడమడం, వినిపించే మూడు శబ్దాలు పట్టుకోవడం అనే పద్ధతి కూడా ఉంది. చల్లటి నీళ్లు మొహం మీద కొట్టుకుంటే గుండె వేగం కాస్త తగ్గుతుంది, అదీ నిజమే. అయితే ఇవి చేసేటప్పుడు ఉద్దేశం ముఖ్యం. భయాన్ని తరిమెయ్యడానికి చేస్తే, తరమలేకపోయిన రోజు రెట్టింపు భయం. ఈ పది నిమిషాలూ గడవడానికి చేస్తున్నానని చేసుకుంటే చాలు.

ఇక ‘ఇక్కడే ఉంటాను’ అన్న వాక్యం కింద గీత ఎందుకు గీస్తానో మా వదిన కథ చెబితే తెలుస్తుంది. ఆవిడ అనుమతితోనే రాస్తున్నాను.

మా వదినది కొవ్వూరు. రాజమండ్రిలో బట్టల కొట్లో పని. రోజూ బస్సు మీద గోదావరి దాటి వెళ్లేది. ఆ వంతెన తెలిసినవాళ్లకి తెలుసు. 1974 నుంచి వాడుకలో ఉంది, కింద రైలు, పైన రోడ్డు, నాలుగు కిలోమీటర్ల పైనే ఉంటుంది. ఒక ఎండాకాలం మధ్యాహ్నం వంతెన నడిమధ్య ట్రాఫిక్ ఆగిపోయింది. బస్సు కిక్కిరిసి ఉంది. అటు దిగలేదు, ఇటు దిగలేదు, రెండు పక్కలా నీళ్లు. అక్కడ మొదటి అటాక్ వచ్చింది. మర్నాడు బస్సు స్టాపుదాకా వెళ్లి వెనక్కి వచ్చేసింది. వెనక్కి తిరగగానే ప్రాణం కుదుటపడింది. ఆ కుదుటపడడమే వచ్చిన చిక్కు. తప్పించుకున్నాను కాబట్టి బతికానని ఒళ్లు పాఠం నేర్చుకుంటుంది. తర్వాత రైలూ మానేసింది. ఆ పైన పెళ్లిళ్లు, గుడిలో రద్దీ, సినిమా హాలు. ఉద్యోగం పోయింది. చివరికి వీధి చివర కిరాణా కొట్టుకి కూడా పిల్లాడు తోడు ఉండాలి.

అన్ని పరీక్షలూ అయ్యి, మానసిక వైద్యుణ్ణి ఒకసారి కలిసి వచ్చాక, ఇద్దరం కూర్చుని ఒక నోటు పుస్తకంలో మెట్లు రాశాం. అట్టడుగు మెట్టు, వంతెన మొదట్లో టీ కొట్టు దగ్గర నిలబడి బస్సులు ఎక్కడం చూడడం. ఆ పైది కొవ్వూరు ఊళ్లోనే రెండు స్టాపులు బస్సులో వెళ్లడం. తర్వాత రైలు, ఎందుకంటే రైలైతే తొందరగా దాటేస్తుంది, వెంట నేను. తర్వాత షేర్ ఆటోలో మా అన్నయ్య పక్కన ఉండగా వంతెన మీద. తర్వాత బస్సులో ఆవిడ, వెనక స్కూటర్ మీద అన్నయ్య. తర్వాత ఒక్కర్తే, ఖాళీగా ఉండే వేళ. అన్నిటికంటే పైన, సాయంత్రం రద్దీ బస్సులో ఒక్కర్తే.

నియమం ఒక్కటే. భయం పతాక స్థాయిలో ఉండగా అక్కడినుంచి కదలకూడదు. పదికి ఎంతుందో పుస్తకంలో రాసుకోవాలి, సగానికి దిగేదాకా ఉండాలి. ఒక మెట్టు మీద విసుగొచ్చేదాకా మళ్లీ మళ్లీ చెయ్యాలి, అప్పుడే పై మెట్టు. షేర్ ఆటో ఎక్కిన రోజు నేనూ వెంట ఉన్నాను. వంతెన ఎక్కగానే ఆవిడ నా మోచెయ్యి పట్టుకుంది, గోళ్లు దిగిపోయాయి. ‘దిగిపోదామే’ అంది. ‘వదినా, రానీ. వస్తే ఏం చేస్తుందో చూద్దాం. చెయ్యి వదులు, గాలి వదులు’ అన్నాను. పుస్తకంలో 9 వేసింది, అంకె వంకర్లు పోయింది. సగం దాటాక మళ్లీ 9 వేసింది. రాజమండ్రి వైపు దిగే చోట 5 అని వేసి, నేను అడక్కుండానే ‘తిరిగి ఇదే ఆటోలో వెళ్దాం’ అంది. మధ్యలో కొన్ని వారాలు వెనక్కి కూడా పడింది. జ్వరం వచ్చి లేచాక మళ్లీ రెండు మెట్లు కిందనుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది. అది ఓడిపోవడం కాదు, ఇందులో అందరికీ అలాగే అవుతుంది.

ఇంకో సంగతి ఆ బస్సుల్లోనే తెలిసింది. ఆవిడ చేతిలో ఎప్పుడూ ఒక సంచి ఉండేది. నీళ్ల సీసా, నిమ్మకాయ, బిళ్లల స్ట్రిప్పు. క్షేమంగా దాటిన ప్రతిసారీ ఆ ఘనత సంచికి పోయేది. అందుకే సంచి వదిలెయ్యడం కూడా మెట్లలో ఒకటిగా చేర్చాం. ముందు నిమ్మకాయ, ఆ తర్వాత బిళ్లలు, అన్నిటికంటే చివర నీళ్లు. వంతెన దాటడం కంటే సంచి వదలడమే ఆవిడకి కష్టమైంది.

ఇంట్లోనే చేసుకోగల సాధన ఇంకొకటి ఉంది, చికిత్స చేసేవాళ్లు దీన్ని బాగా వాడతారు. ఏ లక్షణానికి భయపడుతున్నారో దాన్ని కావాలని తెచ్చుకోవడం. దడంటే భయమైతే మేడమెట్లు గబగబా ఎక్కి దిగడం. తల తిరగడమంటే భయమైతే పెరట్లో అరనిమిషం గిరగిరా తిరగడం. ఊపిరాడదని భయమైతే కొబ్బరిబొండం స్ట్రాతో ముక్కు మూసుకుని ఒక నిమిషం ఊపిరి తీయడం. తెచ్చుకున్నదీ నువ్వే, పోయేది చూసిందీ నువ్వే అయితే దాని మీద జడుపు పోతుంది. గుండె జబ్బు, ఉబ్బసం, మూర్ఛ ఉన్నవాళ్లు, గర్భిణులు డాక్టరుని అడక్కుండా ఇవి చెయ్యకూడదు.

కొందరికి అర్ధరాత్రి గాఢనిద్రలోంచి అటాక్‌తో మెలకువ వస్తుంది. పీడకల కూడా ఉండదు. దయ్యం ఛాతీ మీద కూర్చుందని చెప్పుకునే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. పగలొచ్చేదానికీ దీనికీ తేడా లేదు, అదే ఊపిరి, అదే మాట. లేచి లైటు వేసి, కాసేపు కూర్చుని, మళ్లీ అదే మంచం మీద పడుకోవాలి. పడకగది మార్చెయ్యడం మళ్లీ వెనక్కి తిరగడమే. టీ, కాఫీలు తగ్గించండి, ముఖ్యంగా సాయంత్రం తర్వాత. రాత్రి డ్యూటీలు చేసేవాళ్లకి ఇది ఎంత కష్టమో నాకు తెలుసు. భోజనం వేళ తప్పనివ్వకండి. మందు తాగితే ఆ పూటకి హాయిగా ఉన్నా, దిగేటప్పుడు మర్నాడు ఉదయం దడ రెట్టింపవుతుంది.

బిళ్లల సంగతి గట్టిగా చెప్పాలి. మందుల షాపులో చీటీ లేకుండా అడిగి తెచ్చుకునే అల్ప్రాజోలం గురించి. చట్టప్రకారం డాక్టరు చీటీ లేనిదే అది అమ్మకూడదు. మింగిన బిళ్ల పని మొదలుపెట్టడానికి అరగంటదాకా పడుతుంది, అప్పటికి అటాక్ దానంతటదే దిగిపోతూ ఉంటుంది. పేరు మాత్రం బిళ్లకి. రోజూ వాడితే ఒళ్లు దానికి అలవాటు పడుతుంది, డోసు పెరుగుతుంది, ఒక్కసారి మానేస్తే దడ, నిద్ర లేకపోవడం, ఫిట్స్ కూడా రావచ్చు. తెలంగాణలో కల్తీ కల్లులో ఈ మందు కూడా కలుపుతారు. ఆ కల్లు దొరకని రోజు మనుషులు వణుకుతూ, ఫిట్స్‌తో ఆసుపత్రులకి చేరడం అక్కడివాళ్లందరికీ తెలిసిందే. డాక్టరు కొద్దిరోజులకి రాస్తే అది వేరు. ఇప్పటికే ఏళ్లుగా వాడుతున్నవాళ్లు ఇది చదివి రేపే మానెయ్యకండి, డాక్టరు పర్యవేక్షణలో కొద్దికొద్దిగా తగ్గించుకోవాలి. పానిక్ డిజార్డర్‌కి మొదటి వరసలో వాడే మందులు వేరే ఉన్నాయి, ఎస్‌సిటాలోప్రామ్, సెర్ట్రాలిన్ లాంటివి. అవి పనిచెయ్యడానికి కొన్ని వారాలు పడుతుంది, మత్తు అలవాటు చెయ్యవు. వాటినీ సొంతంగా మొదలుపెట్టకూడదు, సొంతంగా ఆపకూడదు.

ఇంట్లోవాళ్లకి ఒక మాట. ‘ధైర్యంగా ఉండు’, ‘అన్నీ ఆలోచిస్తావు, అందుకే’ అనకండి. చుట్టూ మూగి విసరకండి. పక్కన కూర్చుని, ‘నేనిక్కడే ఉన్నాను, ఇది దిగిపోతుంది, నాతోపాటు గాలి వదులు’ అనండి. మీ గొంతు నెమ్మదిగా ఉండాలి, మీ ఊపిరి కూడా. ప్రేమ కొద్దీ వాళ్ల పనులన్నీ మీరే చేసిపెట్టకండి. కిరాణా కొట్టుకి ఈ రోజు సగం దూరం మీరు తోడు వెళ్లి, మిగతా సగం వాళ్లని ఒంటరిగా వెళ్లనివ్వండి.

స్వయంగా చేసుకునేవన్నీ ఒక్కసారి డాక్టరు చూశాకే. మొదటిసారి ఛాతీ నొప్పి వస్తే అది పానిక్కేమోలే అని ఇంట్లో కూర్చోవద్దు. నొప్పి బరువుగా నొక్కేస్తున్నట్టుండి చేతికీ దవడకీ వీపుకీ పాకుతున్నా, నడిస్తే పెరుగుతున్నా, చల్లటి చెమటలు పట్టి కుప్పకూలుతున్నా వెంటనే 108కి ఫోన్ చెయ్యండి. నలభై దాటినవాళ్లు, షుగర్, బీపీ ఉన్నవాళ్లు, పొగ తాగేవాళ్లు మరీ జాగ్రత్త. ఆడవాళ్లలోనూ షుగర్ ఉన్నవాళ్లలోనూ గుండెపోటు నొప్పి లేకుండా వట్టి ఆయాసంగానో నీరసంగానో రావచ్చు. అటాక్‌లు వచ్చేవాళ్లకి కూడా లక్షణం ఎప్పటిలా కాకుండా కొత్తగా ఉంటే చూపించుకోవాల్సిందే. థైరాయిడ్ ఎక్కువైనా, రక్తం తక్కువైనా, షుగర్ పడిపోయినా దడ వస్తుంది, ఆ పరీక్షలు ఒకసారి చేయించుకుంటే చాలు. బాగున్నాయని తేలాక అవే పరీక్షలు ఊరూరా తిరిగి చేయించుకోవడం ఆపెయ్యండి.

కొన్ని వారాలు ప్రయత్నించినా ఇల్లు కదలలేకపోతున్నా, తాగుడు మొదలైనా, బతకాలని లేదనిపించినా ఆలస్యం చెయ్యకుండా మానసిక వైద్యుణ్ణి కలవాలి. అంటే ఎర్రగడ్డలోనో విశాఖలోనో ఉన్న మానసిక ఆసుపత్రికే వెళ్లాలనుకోకండి. జిల్లా ఆసుపత్రుల్లో సైకియాట్రీ ఓపీ ఉంటుంది, మామూలు ఓపీ చీటీయే. అంతదూరం వెళ్లలేనివాళ్లకి టెలీ మానస్ నంబరు 14416 ఉంది. 2022 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టింది, ఇరవై నాలుగు గంటలూ తెలుగులో మాట్లాడతారు, డబ్బులు పడవు. ఓపీకి వెళ్లేటప్పుడు ఒక కాగితం మీద ఇవి రాసుకెళ్లండి: అటాక్ ఏ తేదీన, ఎన్నింటికి వచ్చింది, అప్పుడు ఎక్కడున్నారు, ముందు ఏం తిన్నారు తాగారు, ఎంతసేపుంది, దానివల్ల ఏయే పనులు మానేశారు, ఏ మందులు వాడుతున్నారు. పాత రిపోర్టులన్నీ తేదీల వారీగా సర్దుకుని ఆ కాగితం పైన పెట్టండి. రద్దీ ఓపీలో డాక్టరు గారికి మీతో మాట్లాడ్డానికి దొరికేది కొద్ది నిమిషాలే, ఆ నిమిషాలు ఫైలు తిరగెయ్యడానికి పోకూడదు.